వీపు మీది మొటిమలు, అవి వదిలే నల్ల మచ్చలు: ఏది ముందు, ఏది తర్వాత

వీపు మొటిమల గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది మొటిమల ఊసే ఎత్తరు, మచ్చల గురించే అడుగుతారు. "అన్నా, వీపు మీద నల్ల మచ్చలు పోయే ట్యూబ్ ఏదన్నా ఉంటే చెప్పు, వచ్చే నెల మా చెల్లె పెండ్లి ఉంది" అంటారు. హనుమకొండ హాస్టళ్లలో ఉండే పిల్లలు, ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలు, గోదావరిఖనిలో గని డ్యూటీ చేసేవాళ్లు, ఎవరడిగినా ప్రశ్న ఇంచుమించు ఇదే.

నేను చెప్పేది కూడా అందరికీ ఒకటే. కొత్త మొటిమలు వస్తున్నంత కాలం మచ్చల మందుకు డబ్బు పోయడం దండగ. పాత మచ్చ ఒకటి పలచబడేలోపు పక్కన కొత్తవి లేస్తాయి. అందుకే ఈ వరుస పెట్టాను: గుర్తుపట్టడం, స్నానం, బట్టలు, మొటిమల మందు, ఆ తర్వాత మచ్చలు. తొందరపడి నేరుగా మచ్చల భాగానికి వెళ్లకండి.

1. అది మొటిమేనా? ముందు చూసుకోండి

పగటి వెలుతురులో ఇంట్లోవాళ్లతో వీపు ఫోటో తీయించుకోండి. ఒక్కరే ఉంటే అద్దానికి వీపు పెట్టి, భుజం మీదుగా ఫోన్ పట్టుకుని తీసుకోవచ్చు. ఈ ఫోటో దాచుకోండి, మూడు నెలల తర్వాత కూడా పనికొస్తుంది.

మొటిమలైతే అన్నీ ఒకేలా ఉండవు. నల్ల తలల గింజలు, తెల్ల గింజలు, ఎర్రగా వాచినవి, చీము పట్టినవి కలగలిసి కనిపిస్తాయి. కొన్ని చర్మం లోపల గడ్డల్లా ఉండి, కుర్చీకి ఆనితే నొప్పి పుడతాయి. భుజాల మీద, పై వీపు మీద, ఛాతీ మీద ఎక్కువ. చాలామందికి ముఖం మీద కూడా ఉంటాయి.

మొటిమల్లా కనిపించి మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. మన దగ్గర వేడి, ఉక్కపోత ఎక్కువ కాబట్టి వీటి సంగతి కాస్త వివరంగా తెలియాలి.

ఫంగస్ పొక్కులు: అన్నీ చిన్నగా, దాదాపు ఒకే సైజులో ఉంటాయి. బాగా దురద పెడతాయి, చెమట పట్టినప్పుడు ఇంకా ఎక్కువ. నల్ల తలలు కనిపించవు. మొటిమలనుకుని యాంటీబయాటిక్ బిళ్లలు వేసుకుంటే తగ్గకపోగా పెరుగుతాయి. వీటికి డాక్టర్లు తరచుగా కీటోకొనజోల్ 2 శాతం షాంపూను వీపుకు పట్టించి, కొన్ని నిమిషాలాగి కడగమంటారు. అవసరమైతే బిళ్లలు కూడా రాస్తారు. నెలల తరబడి మొటిమల క్రీములు రాసినా దురద పొక్కులు అలాగే ఉన్నాయంటే ముందు దీన్నే అనుమానించండి.

చెమటకాయలు: రెండు మూడు రోజుల్లో గుంపుగా లేస్తాయి, చురుక్కుమంటాయి. చల్లటి గదిలో ఉంటే, వదులు బట్టలు వేసుకుంటే వాటంతట అవే దిగుతాయి. మొటిమల మందు రాస్తే మంట తప్ప లాభం లేదు.

సెగ్గడ్డలు: ఒకటో రెండో పెద్దవి, బాగా నొప్పి, చుట్టూ వేడి. మాటిమాటికి వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోండి.

తామర: గుండ్రంగా, అంచులు ఎర్రగా, మధ్యలో తేటగా ఉంటుంది. తరచుగా నడుము పట్టీ దగ్గర మొదలై వీపుకు పాకుతుంది. కనిపించిన క్రీమల్లా పూస్తే ముదిరేది ఇదే.

ఇంకో రకం మందుల వల్ల వచ్చేది. ఒక్కసారిగా వీపు, ఛాతీ, భుజాల నిండా ఒకే తీరు ఎర్ర పొక్కులు లేస్తే, ఈమధ్య ఏ మందులు మొదలుపెట్టారో గుర్తు తెచ్చుకోండి. స్టెరాయిడ్ బిళ్లలు, ఇంజక్షన్లు, టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్, మూర్ఛకు ఇచ్చే కొన్ని మందులు ఇలా చేయగలవు. అలాగని టీబీ బిళ్లలో, ఫిట్స్ బిళ్లలో మీ అంతట మీరు ఆపేయొద్దు. రాసిన డాక్టర్‌కు చూపించండి.

సొంత వైద్యం మొదలుపెట్టకుండా నేరుగా డాక్టర్ దగ్గరకు పోవాల్సినవాళ్లు:

- వీపు నిండా లోతైన, నొప్పి గడ్డలున్నవాళ్లు, ఇప్పటికే గుంతలు పడుతున్నవాళ్లు
- పొక్కులు పుండ్లుగా మారి, జ్వరం, కీళ్ల నొప్పులు కూడా ఉన్నవాళ్లు (వీళ్లు ఆలస్యం చేయకూడదు)
- మొటిమ మానిన చోట చర్మం గట్టిగా, ఎత్తుగా పెరుగుతున్నవాళ్లు
- మొటిమలతో పాటు నెలసరి తప్పుతున్న, గడ్డం మీద వెంట్రుకలు వస్తున్న ఆడపిల్లలు
- గర్భిణులు, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, పాలిచ్చే తల్లులు

2. స్నానం: వరుస మార్చండి

అందరూ తేలిగ్గా తీసుకునే మెట్టు ఇదే. నా లెక్కలో సగం పని ఇక్కడే ఉంది.

తలకు రాసిన కొబ్బరినూనె, షాంపూ తర్వాత పెట్టే కండిషనర్ మెడ మీదుగా వీపు మీదికే జారుతాయి. వాటి జిడ్డు పొర వీపు మీద ఉండిపోతే రంధ్రాలు మూసుకుంటాయి. మనలో చాలామంది ముందు ఒళ్లు రుద్దుకుని, చివర్లో తల మీద నీళ్లు పోసుకుంటారు. దాన్ని తిరగెయ్యాలి.

1. ముందు తల. నడుము వంచి, జుట్టు ముందుకు వేసుకుని కడగండి. కండిషనర్ పెడితే అది కూడా అలా వంగే కడిగేయండి.
2. జుట్టు పైకి ముడేసి క్లిప్పు పెట్టండి.
3. ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోండి.
4. వీపు ఆఖరున. గోరువెచ్చటి నీళ్లు చాలు, సలసల కాగేవి వద్దు.
5. వీపు మీద మందు వాష్ పట్టిస్తే (అది నాలుగో భాగంలో చెప్తాను) చెప్పినన్ని నిమిషాలు ఆగి బాగా కడగండి.
6. మెత్తటి తువ్వాలతో అద్దండి, రుద్దొద్దు.

బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే ఇళ్లలో మామూలు సబ్బు సరిగా నురగ రాదు, తెల్లటి పొర చర్మం మీద మిగిలిపోతుంది. అలాంటి చోట సబ్బుకు బదులు మైల్డ్ లిక్విడ్ బాడీవాష్ వాడితే తేడా తెలుస్తుంది. ఆఖరు రెండు చెంబులు మంచినీళ్లు పోసుకోగలిగితే ఇంకా మేలు.

వీపు రుద్దే విషయంలో గట్టిగానే చెప్తాను. బీరకాయ పీచు, వీపు రాయి, నైలాన్ స్క్రబ్బర్, గరుకు సున్నిపిండి, అన్నీ పక్కన పెట్టండి. మురికి పోతే మొటిమలు పోతాయని అమ్మలు బలంగా రుద్దుతారు, పిల్లల మీద ప్రేమతోనే. కానీ మొటిమ మురికి వల్ల రాదు. వాచిన మొటిమను గీకితే లోపలే పగులుతుంది, వాపు పెరుగుతుంది, మచ్చ ముదురుతుంది. మన చామనఛాయ చర్మానికి ఎక్కడ ఒరుసుకున్నా నల్లబడే గుణం ఉంది.

ఎప్పుడు స్నానం చేయాలన్నది కూడా ముఖ్యమే. పొద్దున ఒక్కసారి చేసి, రోజంతా చెమటలో తడిసి, రాత్రి అలాగే పడుకునేవాళ్లు రాత్రి స్నానం మొదలుపెట్టండి. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు పోయే రోజులుంటాయి. అప్పుడు పని నుంచి రాగానే ఒళ్లు కడుక్కోవడమే పెద్ద వైద్యం. రోజుకు రెండుసార్లు చాలు. నాలుగైదు సార్లు సబ్బు పెడితే చర్మం పొడిబారి, ఏ మందు రాసినా మండుతుంది.

3. బట్టలు, బ్యాగు, పక్క

ఒత్తిడి, రాపిడి, చెమట మూడూ ఒకే చోట కలిస్తే అక్కడ మొటిమలు గుంపు కడతాయి. పొక్కులు బ్యాగు పట్టీల గీతల వెంటే ఉన్నాయా, బ్రా పట్టీ కింద ఉన్నాయా, బస్తా ఆనే చోట ఉన్నాయా చూసుకోండి.

- లోపల కాటన్ బనియన్ వేసుకోండి. మధ్యాహ్నం ఒకసారి మార్చుకోవడానికి ఇంకోటి బ్యాగులో పెట్టుకోండి.
- పాలిస్టర్ యూనిఫాం తప్పనిసరైతే ఇంటికి రాగానే విప్పేయండి.
- జిమ్ టీషర్ట్, క్రికెట్ జెర్సీ ఉతక్కుండా రెండోసారి వేసుకోవద్దు.
- రెండు పట్టీల కాలేజీ బ్యాగులో బరువు తగ్గించండి. వీలైతే కొన్నాళ్లు చేతిలో పట్టుకునే బ్యాగు వాడండి.
- బస్తాలు మోసేవాళ్లు వీపుకు, బస్తాకు మధ్య మందపాటి కాటన్ గుడ్డ వేసుకుని, దాన్ని రోజూ ఉతకాలి. పని మానమని నేను చెప్పలేను, రాపిడి తగ్గించుకోవచ్చని మాత్రం చెప్పగలను.
- చెద్దరు, దిండు గలీబు వారానికోసారి మార్చండి. చొక్కా లేకుండా పడుకునేవాళ్లు ఇంకా తరచుగా మార్చాలి.
- తలకు నూనె పెట్టుకుని పడుకునే అలవాటుంటే జుట్టుకు గుడ్డ చుట్టుకోండి. లేదంటే తలస్నానానికి గంట ముందు మాత్రమే పెట్టుకోండి.

తిండి గురించి రెండు ముక్కలు. తీపి, కూల్‌డ్రింకులు, మైదా ఎక్కువైతే కొందరికి మొటిమలు పెరుగుతాయి. జిమ్‌లో తాగే వే ప్రోటీన్ పౌడర్‌తో కూడా కొందరికి వస్తాయి, అనుమానముంటే రెండు నెలలు ఆపి చూడండి. కండలు పెరగడానికి వేసే ఇంజక్షన్ల వల్ల వచ్చే మొటిమలు మాత్రం చాలా తీవ్రంగా ఉంటాయి. వాటిని వాడుతూ పైన ఏ క్రీము రాసినా ఫలితం నిలవదు.

4. మొదటి మందు: బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్

తేలికపాటి, మధ్యస్థ వీపు మొటిమలకు మొదలుపెట్టదగ్గ మందు ఇది. మొటిమల్లో పెరిగే బ్యాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్‌లకు అలవాటు పడినట్టు బ్యాక్టీరియా దీనికి అలవాటు పడదు. 2.5, 5 శాతాల్లో దొరుకుతుంది. 2.5తో మొదలుపెడితే మంట తక్కువ.

వాష్ ఎందుకంటే, వీపు పెద్దది. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన మందు సుమారు అర గ్రాము, అది వేళ్లతో కలిపి రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. పై వీపు, భుజాలు కలిపితే రోజుకు గ్రామున్నర దాకా పడుతుంది. ఆ లెక్కన 15 గ్రాముల ట్యూబ్ పది రోజుల్లో ఖాళీ. అందుకే వీపంతటికీ వాష్, మొండి మొటిమలున్న చోట్లకు మాత్రం క్రీము అనుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది.

వాడే తీరు:

1. ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి, ఐదు నిమిషాలాగి కడిగి, రెండు రోజులు చూడండి. ఎర్రగా వాచి, దురద పెడితే ఆ మందు మీకు పడదు.
2. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు వాడండి.
3. స్నానం ఆఖర్లో తడి వీపు మీద పలచగా పరిచి, 2 నుంచి 5 నిమిషాలు ఉంచండి. రాసిన వెంటనే కడిగేస్తే మందుకు పని చేసే టైమే ఉండదు. చాలామందికి గుణం కనిపించకపోవడానికి కారణం ఇదే.
4. పూర్తిగా పోయేదాకా కడగండి.
5. మంట లేకపోతే మూడో వారం నుంచి రోజూ వాడండి.

ఒక జాగ్రత్త: ఇది రంగు బట్టలను తెల్లగా మచ్చలు పడేలా వెలిసిపోగొడుతుంది. తువ్వాల, బనియన్, చెద్దరు తెల్లవే వాడండి. కడిగిన గంట తర్వాత పట్టు జాకెట్ వేసుకున్నా అంటుకోవచ్చు. ట్యూబ్‌ను బండి డిక్కీలో, ఎండ పడే కిటికీలో పెట్టకండి, వేడికి పాడవుతుంది.

చేయి అందని చోటు సంగతి. ఇంట్లో అమ్మో అక్కో ఉంటే ఐదు నిమిషాల పని. హాస్టల్లో ఒక్కరే ఉంటే, పొడవాటి పిడి ఉన్న మెత్తటి స్పాంజికి మందు పెట్టి పరచండి. లేదంటే పొడుగాటి మెత్తటి తెల్ల గుడ్డ మధ్యలో మందు వేసి, రెండు కొసలు పట్టుకుని వీపు మీద ఆనించి మెల్లగా జరపండి. రుద్దడం కాదు, పరచడమే. వాడిన గుడ్డను ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరేయండి.

బెంజాయిల్ పెరాక్సైడ్ పడనివాళ్లు శాలిసిలిక్ యాసిడ్ 2 శాతం వాష్ వాడొచ్చు. నల్ల తలలు, తెల్ల గింజలు ఎక్కువ ఉన్నవాళ్లకు ఇది బాగా ఉపయోగపడుతుంది. చీము పట్టిన వాటి మీద బలం తక్కువ. మొదటి రోజు నుంచే రెండూ కలిపి వాడకండి. చర్మం పొరలు లేచి, మళ్లీ మచ్చలు పడతాయి.

5. రెండో మందు: రాత్రి పూసే అడాపలిన్

ఆరు నుంచి ఎనిమిది వారాలు వాష్ వాడినా కొత్తవి వస్తుంటే డాక్టర్లు సాధారణంగా అడాపలిన్ 0.1 శాతం జెల్ కలుపుతారు. ఇది రంధ్రాలు మూసుకోకుండా చేస్తుంది, మెల్లమెల్లగా మచ్చలను కూడా పలచబరుస్తుంది. రెండు పనులూ చేస్తుంది కాబట్టి మచ్చల మీద బెంగ ఉన్నవాళ్లు దీన్ని గట్టిగా పట్టుకోవాలి.

స్నానం తర్వాత వీపు పూర్తిగా ఆరాక, పావుగంట ఆగి పలచగా పూయండి. మొదట వారానికి రెండు మూడు రాత్రులు. పొలుసులు లేస్తే ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద జెల్ రాయండి. మొదటి కొన్ని వారాల్లో మొటిమలు కాస్త ఎక్కువైనట్టు అనిపించవచ్చు. అక్కడే చాలామంది భయపడి మానేస్తారు. భరించలేనంత మంట, పుండ్లు లేకపోతే కొనసాగించండి.

గర్భం ఉన్నవాళ్లు, ప్రయత్నిస్తున్నవాళ్లు దీన్ని వాడకూడదు. వీపు మీద వ్యాక్సింగ్ చేయించుకోవాలంటే వారం ముందే ఆపండి, లేకపోతే చర్మం ఊడి వస్తుంది.

క్లిండమైసిన్ లాంటి యాంటీబయాటిక్ జెల్ ఒక్కటే పట్టుకుని నెలల తరబడి రాయకండి, బ్యాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తోడు ఉండాల్సిందే. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లలు కూడా అంతే. "పోయినసారి రాసిచ్చినవే" అని షాపులో కొనుక్కోవద్దు. డాక్టర్ రాస్తే నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకుండా ఉండండి, ఎండలో జాగ్రత్త పడండి.

6. ఇప్పుడు మచ్చలు

మూడు నాలుగు వారాలుగా కొత్త మొటిమలు ఒకటీ అరా మాత్రమే వస్తుంటే మచ్చల పని మొదలుపెట్టొచ్చు. ముందు అవి ఏ రకమో తెలియాలి, ఎందుకంటే అన్నింటికీ క్రీము లేదు.

గోధుమ, నలుపు చదును మచ్చలు: వాపు తర్వాత చర్మంలో రంగు ఎక్కువ తయారైతే వచ్చేవి. ఇవి తగ్గుతాయి. పైపొరలో ఉన్నవి కొన్ని నెలల్లో, లోతుగా బూడిదనీలం రంగులో ఉన్నవి ఏడాది దాటినా మెల్లగానే.

ఎరుపు, గులాబీ మచ్చలు: మొటిమ మానాక మిగిలిన రక్తనాళాల ఎరుపు. తెల్లబరిచే క్రీములకు లొంగవు, సమయమే మందు.

గుంతలు: క్రీముతో నిండవు. మొటిమలు పూర్తిగా ఆగాక డాక్టర్ చేసే చికిత్సలే దారి.

గట్టిగా ఎత్తుగా పెరిగినవి: కీలాయిడ్లు. భుజాలు, పై వీపు, ఛాతీ మీద వీటి బెడద ఎక్కువ. కోయించొద్దు, కాల్పించొద్దు, ఇంకా పెద్దవవుతాయి. చర్మ వైద్యులు అందులోకే ఇంజక్షన్ ఇచ్చి అణుస్తారు.

చదును మచ్చలకు నేను ముందు చెప్పేది అజెలాయిక్ యాసిడ్. 10, 15, 20 శాతాల్లో దొరుకుతుంది. మొటిమల మీద కూడా పనిచేస్తుంది, చామనఛాయ చర్మానికి సరిపోతుంది. డాక్టర్‌ను అడిగి గర్భిణులు కూడా వాడగలిగిన కొద్ది మందుల్లో ఇదొకటి. మొదటి రోజుల్లో చీమలు పాకినట్టు చిటపటలాడుతుంది, కాసేపట్లో పోతుంది. రోజుకోసారి పొద్దున మొదలుపెట్టి, పడితే రెండుసార్లు చేయండి. బడ్జెట్ తక్కువైతే, చర్మం సున్నితమైతే 4, 5 శాతం నయాసినమైడ్ లోషన్ వాడొచ్చు. నెమ్మదిగా పనిచేస్తుంది, ఇబ్బంది తక్కువ.

మచ్చలను తెల్లబరిచే హైడ్రోక్వినోన్ క్రీము సొంతంగా వాడొద్దు. డాక్టర్ పర్యవేక్షణలో, కొన్ని నెలలకు మించకుండా వాడే మందు అది. దాన్ని, బెంజాయిల్ పెరాక్సైడ్‌ను ఒకేసారి రాస్తే చర్మం మీద నల్లటి మరక పడుతుంది కూడా.

ఎండ తగిలితే మచ్చ ముదురుతుంది. వీపుకు అసలైన సన్‌స్క్రీన్ దగ్గరగా నేసిన కాటన్ బట్టే. మెడ వెనక, జాకెట్ మెడ లోతుగా ఉన్న చోట మాత్రం ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాసి, ఎండలో ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయండి. పత్తి ఏరేవాళ్లు, మిర్చి కోతకు పోయేవాళ్లు పైన ఒక వదులు కాటన్ అంగి వేసుకుంటే చాలు.

7. తరచూ జరిగే తప్పులు, వాటికి సవరణ

*గిల్లడం.* గిల్లిన మొటిమ మచ్చ ఎక్కువ కాలం ఉంటుంది. చేయి ఆగకపోతే గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి. చీము పగిలిన చోట శుభ్రంగా కడిగి, పైన మొటిమల ప్యాచ్ గానీ పలచటి గుడ్డ గానీ వేయండి.

*నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్ట్, వెల్లుల్లి.* నాలుగూ చర్మాన్ని కాలుస్తాయి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి పోతే బొబ్బలెక్కి కొత్త నల్ల మచ్చలు పడతాయి. ఇప్పటికే కాలి ఉంటే అన్ని మందులూ ఆపి, మానేదాకా ఉత్త మాయిశ్చరైజర్ గానీ పెట్రోలియం జెల్లీ గానీ రాయండి.

*తెల్లబరిచే కలగలుపు క్రీములు.* దీని మీద నాకు చాలా బాధ ఉంది. ట్యూబ్ వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. మొదటి వారం మచ్చ తగ్గినట్టు, ఎరుపు దిగినట్టు ఉంటుంది. తర్వాత చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి, మొటిమలు రెట్టింపవుతాయి, తామర ఉంటే ఒళ్లంతా పాకుతుంది. 2018 నుంచి చాలా స్టెరాయిడ్ పూతమందులు షెడ్యూల్ హెచ్ కింద ఉన్నాయి, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఊళ్లలో చేతులు మారుతూనే ఉన్నాయి. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపినప్పుడు మంట, ఎరుపు రావచ్చు, అందుకని చర్మ వైద్యుడి సలహాతో మానండి.

*పెండ్లికి ముందు ఆదరాబాదరా.* నెల రోజుల్లో మచ్చలు పోవు, ఎవరు పోగొడతామన్నా నమ్మకండి. వీపుకు బ్లీచ్, పార్లర్ పీలింగ్, ఊళ్లో వేసే పేరు తెలియని ఇంజక్షన్ జోలికి వెళ్లొద్దు. ఆ నెలలో చేయదగ్గవి: వాష్ కొనసాగించడం, మాయిశ్చరైజర్, జాకెట్ వెనక మెడ కాస్త పైకి కుట్టించుకోవడం, ఆ రోజుకు రంధ్రాలు మూయని రకం కన్సీలర్ వేసి రాత్రికి శుభ్రంగా కడిగేయడం. బతుకమ్మకో పెండ్లికో తయారవ్వాలంటే నాలుగైదు నెలల ముందు మొదలుపెట్టండి.

*తగ్గగానే ఆపేయడం.* మొటిమలు మళ్లీ వస్తాయి. తేటపడ్డాక కూడా వాష్‌ను వారానికి రెండు మూడుసార్లు కొనసాగించండి, ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ. చలికాలంలో ఆదిలాబాద్ వైపు చర్మం బాగా పగులుతుంది కాబట్టి మందు తగ్గించి మాయిశ్చరైజర్ పెంచండి.

8. ఎప్పుడు ఏం కనిపిస్తుంది

మొదటి రెండు వారాలు: పొడిబారడం, కాస్త మంట. మొటిమల్లో పెద్ద తేడా ఉండదు.

నాలుగు నుంచి ఎనిమిది వారాలు: కొత్తవి తగ్గడం మొదలవుతుంది. పాత మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టే కనిపిస్తాయి. మొటిమలు పోయేసరికి మచ్చలే కళ్లలో పడతాయి, పెరిగాయని కంగారు పడకండి.

పన్నెండు వారాలు: మందు పనిచేసిందా లేదా తేల్చుకునే సమయం. అంతకంటే ముందు మందులు మారుస్తూ పోతే ఏదీ తేలదు.

మూడు నుంచి పన్నెండు నెలలు: చదును మచ్చలు పలచబడటం. పదిహేను రోజులకోసారి అదే చోట, అదే వెలుతురులో ఫోటో తీసి పోల్చండి. రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు, టెన్షన్ పెరుగుతుంది.

9. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు

పన్నెండు వారాలు వరుస తప్పకుండా చేసినా తగ్గకపోతే, మధ్యలో గడ్డలు, గుంతలు మొదలైతే చర్మ వైద్యుడికి చూపించాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో, ఆదిలాబాద్ రిమ్స్‌లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. ప్రైవేటుకు పోయే స్తోమత లేదని ఆగిపోనక్కర్లేదు.

లోతైన గడ్డలున్నవాళ్లకు ఐసోట్రెటినోయిన్ బిళ్లలు రాయవచ్చు. బాగా పనిచేసే మందు, కానీ కడుపులో బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుంది. పెళ్లైన ఆడవాళ్లు, పెళ్లి దగ్గర పడుతున్నవాళ్లు ఆ సంగతి సిగ్గుపడకుండా డాక్టర్‌కు ముందే చెప్పాలి. వాడుతున్నంత కాలం, ఆపాక కనీసం నెల దాకా గర్భం రాకూడదు. రక్త పరీక్షలు రాస్తే ఎగ్గొట్టకండి. ఇంకొకరికి రాసిన స్ట్రిప్పు అడిగి తెచ్చుకుని వేసుకోవడం అసలే వద్దు.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- మొదటి రోజు నుంచి తీసిన ఫోటోలు
- వాడిన అన్ని క్రీములు, బిళ్లలు, ఖాళీ ట్యూబులైనా సరే. పేరు గుర్తులేని "తెల్ల డబ్బా క్రీము" ఉంటే అది ముఖ్యంగా
- షుగర్, థైరాయిడ్, టీబీ, మూర్ఛకు వాడుతున్న మందుల చీటీలు
- ఊళ్లో వేయించుకున్న ఇంజక్షన్ల వివరం
- ఆడవాళ్లైతే ఆఖరు నెలసరి తేదీ

వెళ్లే రోజు వీపుకు నూనె, పౌడర్, క్రీము ఏదీ రాయకండి. వెనక తేలిగ్గా తెరుచుకునే బట్టలు వేసుకోండి. చర్మం ఎలా ఉందో అలాగే డాక్టర్‌కు కనిపించాలి.